క్లచ్ లేని కారు

ముందుగా అరుపు వచ్చింది.

మేడ్చల్ వైపు నుంచి, ఎండకు తెల్లబారిన తారు మీదుగా, ఒక ఇంజను గొంతు చించుకుంటూ వస్తోంది. అత్వెల్లి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో, లారీ కింద వెల్లకిలా పడుకున్న కుర్మయ్య పానా తిప్పడం ఆపి చెవి అటు వేశాడు. ఆ అరుపు విన్నవాడెవడైనా బండి దూసుకొస్తోందని దారి తప్పుకుంటాడు. కానీ అరుపు పెరుగుతోందే తప్ప దగ్గరికి రావడం లేదు. చేంతాడు తెగిన బావి గిలక గిరగిరా తిరిగినట్టు, ఇంజను ఉత్తినే తిరుగుతోంది. చక్రం మాత్రం ముందుకు సాగడం లేదు.

కుర్మయ్య నవ్వుకున్నాడు. లారీల మధ్య పెరిగిన మనిషి. చప్పుడు విని జబ్బు చెప్పడం అతనికి పని కాదు, ఆట. క్లచ్ ప్లేటు అరిగింది, ఇంకేముంటుంది అనుకుంటూ బయటికి పాకాడు.

గోధుమరంగు జపాన్ కారు ఒకటి, ముసలి ఎద్దు కొట్టంలోకి వచ్చినట్టు వచ్చి షెడ్డు ముందు నిలబడింది. తలుపు తెరుచుకుంది. మొదట ఒక చేతికర్ర నేలను వెతుక్కుంది. తర్వాత కుడికాలు దిగింది. తర్వాత ఒక చెయ్యి, చీర కుచ్చిళ్ళ మీదుగా ఎడమకాలిని పట్టుకుని, పసిబిడ్డను దించినట్టు దించి నేల మీద పెట్టింది. ఆ తర్వాత గానీ మనిషి కనబడలేదు. నలభైకి దగ్గర పడుతున్న ఆడమనిషి, ఎండకు కమిలిన ముఖం, గోళ్ళ కింద మట్టి.

"క్లచ్ ప్లేట్ అరిగిందమ్మా," అన్నాడు కుర్మయ్య, ఆమె నోరు తెరవకముందే. "గీ సప్పుడు దూరంకెళ్ళే ఇంటున్న. రేపటికల్ల ఏసిస్త."

"ఏడ ఏస్తవ్?"

"ఏడ ఏస్తరు, క్లచ్చుల."

"లోపల తలకాయ వెట్టి సూడు. క్లచ్చు దొరికితే నాకు గూడ సూపెట్టు. ఇన్నేండ్ల సంది నేనైతె సూడలే."

కుర్మయ్య తల లోపలికి పెట్టాడు. బ్రేకు ఉంది, యాక్సిలేటరు ఉంది. వాటి పక్కన ఉండవలసిన మూడోది లేదు. రబ్బరు చాప ఎత్తి చూశాడు, ఎక్కడైనా దాక్కుందేమోనన్నట్టు. సీట్ల మధ్య ఒక చిన్న కర్ర, దాని పక్కన నాలుగైదు ఇంగ్లీషు అక్షరాలు.

"గిదేంది! మూడో కాలు లేని బండి?"

"నాకు రెండోది లేదు," అందామె. "గందుకే నాకు గిది దొరికింది, దీనికి నేను దొరికిన."

ఆమె పేరు సుశీల. మేడ్చల్‌లో పాత ఆసాముల ఇంటి ఆడపడుచు. నడక నేర్చిన ఏడాదే జ్వరం వచ్చి ఎడమకాలు చచ్చుబడేలా చేసి పోయింది. పెళ్ళి మాటలు వచ్చాయి, కాలు చూసి వెళ్ళాయి. ఒకసారి కాలు చూసి కూడా ఆగిన సంబంధాన్ని, వాళ్ళు ఆమె ముందే ఆమె గురించి గుసగుసలాడారని, ఆమే వెళ్ళగొట్టింది. తండ్రి పోయేముందు, శామీర్‌పేట వైపు గుట్ట అవతల ఉన్న ద్రాక్షతోటను కూతురి పేర రాశాడు. ఆ తోటకు వెళ్ళడానికి బస్సు దిగి చాలా దూరం నడవాలి. జీపు నడపాలంటే ఎడమకాలు కావాలి. సికింద్రాబాద్‌లో ఒక డాక్టరు విదేశం నుంచి తెప్పించుకుని, రిపేరు చేసేవాళ్ళు దొరక్క మూల పెట్టిన ఈ కారు సంగతి ఎవరో చెబితే, వెళ్ళి కుడికాలితో ఒకసారి తొక్కి చూసి, ఇంటికి తోలుకొచ్చేసింది. గేరు మార్చే పని కారే చేసుకుంటుంది. మనిషి చెయ్యవలసింది ముందుకా వెనక్కా చెప్పి, తొక్కడమే.

"సల్లగున్నప్పుడు మంచిగనే గుంజుతది," అని జబ్బు చెప్పుకొచ్చింది సుశీల. "ఎండ ఎక్కినంక, జర దూరం పోయినంక, ఇంజన్ ఒర్రుతది, బండి వోదు."

"ఇప్పి సూస్త," అన్నాడు కుర్మయ్య. ఆ మాట అంటుంటే అతని కళ్ళు మెరిశాయి. క్లచ్చు లేకుండా గేర్లు ఎలా మారతాయి? లోపల ఎవరు మారుస్తారు? మూత తీసి చూస్తే గానీ ఆ రాత్రి అన్నం సహించేలా లేదు.

"ఇప్పొద్దు."

"ఇప్పకుండ జబ్బు ఎట్ల తెలుస్తదమ్మా?"

"కడుపుల నొప్పి అంటే డాక్టర్ ముందుగాల నీ కడుపు కోస్తడా? సికింద్రాబాద్‌ల ఒకాయన గిట్లనే అన్నడు. ఇప్పుత అన్నడు గని, మల్ల వెడ్త అనలే." కర్ర మీద బరువు మార్చుకుని, ఈసారి నెమ్మదిగా అంది. "సూడు, తోటల గింజ కడ్తాంది. దినాం పొద్దుగాల నేను ఆడ ఉండాలె. కారు పోతె నేను ఇంట్ల కూసుంట. నేను కూసుంటె తోట మా అన్న సూస్తడు. మా అన్న సూస్తె అండ్ల తీగలు పోయి రాళ్ళు మొలుస్తయి."

రాళ్ళంటే ఏమిటో కుర్మయ్యకు వేరే చెప్పనక్కర్లేదు. అప్పటికే మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా జొన్న చేలల్లో, కంది చేలల్లో, పసుపు రంగు పూసిన హద్దురాళ్ళు బారులు తీరుతున్నాయి. పక్కన రంగుల జెండాలు, ఒక టెంటు, వెంచరు పేరు రాసిన బోర్డు. ఆమె అన్న లక్ష్మణ్ రెడ్డి అలాంటివి రెండు వేశాడు.

మరునాడు పొద్దున్నే, కారు ఇంకా మంచు చెమటతో చల్లగా ఉండగా, కుర్మయ్య పని మొదలుపెట్టాడు. గేరు డబ్బాలో నూనె కొలవడానికి ఒక సన్నని పుల్ల ఉంది. లారీ ఇంజనుకు చూసినట్టే, ఇంజను ఆపి, పుల్ల తుడిచి, ముంచి, తీశాడు. నూనె పై గీతను దాటి చాలా పైకి ఉంది.

"దొరికింది! ఎవలో నెత్తి మీద దాంక పోసిండ్రు. మునిగినోడు ఏం ఈదుతడు? గందుకే జారుతాంది," అని, గీత దగ్గరికి వచ్చేదాకా నూనె బయటికి లాగేశాడు. సుశీల కూడా సంతోషపడింది. ఇంత తేలికైన రోగమా అని ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ మధ్యాహ్నం తోట నుంచి తిరిగి వస్తూ కారు రోడ్డు మీద పూర్తిగా నిలబడిపోయింది. ఇంజను మొత్తుకుంటూనే ఉంది, చక్రం ఒక్క అంగుళం కదల్లేదు. వెనక సీట్లో ఉన్న దుర్గాబాయి, తోటలో కూలీల పెద్ద, దిగి వెనక నుంచి నెట్టింది. అటుగా పోతున్న వాళ్ళు కూడా నెట్టారు. క్లచ్చు లేని బండి తోస్తే స్టార్టు కాదని, అసలు ఇది ఆగింది స్టార్టు కాక కాదని సుశీల ఎంత చెప్పినా, నలుగురు మగవాళ్ళు చేరిన చోట ఆగిన కారును నెట్టకుండా ఉండడం ఎవరి వల్లా కాలేదు. చివరికి లక్ష్మణ్ రెడ్డి జీపు వచ్చి చెల్లెల్ని ఎక్కించుకుంది.

సాయంత్రం అన్నాచెల్లెళ్ళిద్దరూ షెడ్డుకు వచ్చారు.

"ఏం మిస్త్రీ, మా చెల్లెను రోడ్డు మీద మంచిగ నిలవెట్టినవ్," అన్నాడు లక్ష్మణ్ రెడ్డి. తెల్ల చొక్కా, మెడలో గొలుసు. గొంతులో మాత్రం కోపం కన్నా అలసట ఎక్కువ. "తెల్వకపోతె తెల్వదనాలె. నేను రోజు దించి రానా దీన్ని? ఇనదు."

"దించుతవ్ అన్నా, ఎందుకు దించవ్," అంది సుశీల. "నీ మీటింగులు, నీ రిజిస్ట్రేషన్లు, నీ చాయలు అన్ని అయినంక దించుతవ్. గప్పటికి తోటల కూలోళ్ళు ఇంటికి వోతుంటరు. వాళ్ళకు ఎదురుంగ పోయి రామ్‌రామ్ అనొస్త."

"సరే. ఈ పంట ఎల్లేదాంక సూద్దం. గీ డొక్కు కుదురుకుంటె నీ ఇష్టం. కుదురుకోకపోతె తోటను ఎంచర్ల కలుపుదం. నీ పేరు మీదనే మంచి ప్లాట్లు ఇడుస్త. ఒప్పుకుంటవా?"

సుశీల కారు వైపు ఒకసారి, కుర్మయ్య వైపు ఒకసారి చూసింది. రెండింటిలో ఏది ఎక్కువ నమ్మదగ్గదో తూచుతున్నట్టు ఉంది ఆ చూపు.

"ఒప్పుకుంట," అంది.

ఆ రాత్రి కుర్మయ్యకు నిజంగానే అన్నం సహించలేదు. తెల్లారి మేడ్చల్ బస్టాండు దగ్గర వీరయ్య హోటల్లో చాయ్ ముందు కూర్చున్నాడు. వీరయ్య దుబాయిలో చాలాకాలం టాక్సీ నడిపి వచ్చి హోటల్ పెట్టుకున్నాడు. ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని సముద్రం దాటించి తీసుకురావడం అతని అలవాటు.

"ఆడ అన్ని గవ్వే బండ్లు. ఎడమకాలుకు పనే లేదు. నేను ఇండియాకు వచ్చినంక లారీ ఎక్కితె ఎడమకాలు నిద్రవోయి ఉండె," అన్నాడు వీరయ్య, చాయ్ ఎత్తిపోస్తూ.

"నూనె ఎట్ల సూస్తరు గండ్ల?"

"ఎట్లేంది? బండి జర తిప్పుకొచ్చి, వేడి మీద, ఇంజన్ నడుస్తుండంగనే."

కుర్మయ్య చేతిలో గ్లాసు ఆగింది. "నడుస్తుండంగనా?"

"మరి నువ్వు?"

"బంద్ జేసి. సల్లగున్నప్పుడు."

వీరయ్య ముందు నవ్వాడు, తర్వాత హోటల్లో ఉన్నవాళ్ళందరికీ చెప్పి మళ్ళీ నవ్వాడు. "ఇనుండ్రి, మన మిస్త్రీ మంచిగున్న పేషెంట్ నెత్తురు పీకేసిండంట!"

కుర్మయ్యకు సిగ్గు వెయ్యలేదు. సిగ్గుపడే చోట ఇంకేదో నిండి ఉంది. ఇంజను ఆగితే నూనె ఎక్కువగా, నడిస్తే తక్కువగా ఎందుకు కనబడాలి? అదే నూనె కదా?

దుర్గాబాయి కాపలాలో రోడ్డు పక్కనే నిద్రపోయిన కారు దగ్గరికి వెళ్ళి, తీసిన నూనె తిరిగి పోశాడు. ఇంజను నడిపి పుల్ల ముంచాడు, గీత దగ్గర ఉంది. ఇంజను ఆపి కాసేపాగి ముంచాడు, నూనె పైకి వచ్చింది. మళ్ళీ నడిపాడు, దిగింది. మళ్ళీ ఆపాడు, ఎక్కింది. పడుకున్న పిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేసి ఊపిరి చూసినట్టు చూస్తూనే ఉన్నాడు. ఇంజను నడిచినంతసేపూ ఈ డబ్బా నూనెను లోపలికి పీల్చి, పైనెక్కడో గదుల్లో దాచుకుంటోంది. ఆగగానే వదిలేస్తోంది.

"ఏమయ్యా, నా పెట్రోల్‌తోని ఆడుకుంటున్నవా?" సుశీల అన్న జీపు దిగి వస్తూ అరిచింది.

"అమ్మా, గిది ఊపిరి తీస్తాంది!"

"తియ్యనీ. బండి వోతదా లేదా?"

పోయింది. కానీ పుల్లకు అంటిన నూనె రంగు కుర్మయ్యకు నచ్చలేదు. వీరయ్య చెప్పిన లెక్కన ఎర్రగా, దానిమ్మ రసంలా ఉండవలసింది, చింతపులుసులా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన నువ్వుల వాసన. షెడ్డుకు తెచ్చి అడుగు పళ్ళెం ఒక్కటే దించాడు. ఆమె దగ్గర నిలబడి, అంతకుమించి ఒక్క బోల్టు కూడా ముట్టనివ్వలేదు. పళ్ళెం అడుగున మెత్తటి నల్లపొడి, కాటుకలా. లోపలేవో పలకలు ఒకదాన్నొకటి పట్టుకోబోయి, జారి, రాసుకుని మాడుతున్నాయని అంతవరకు అర్థమైంది. పళ్ళెం కడిగి, నూనె వడకట్టే జాలీ కడిగి, రాణిగంజ్ నుంచి కొత్త ఎర్ర నూనె తెప్పించి పోశాడు. కారు కొత్త కోడలిలా మెత్తగా నడిచి వెళ్ళింది. లక్ష్మణ్ రెడ్డి రోడ్డు మీద ఎదురైనప్పుడు సుశీల కావాలనే రెండుసార్లు హారన్ కొట్టిందని దుర్గాబాయి చెప్పింది.

కొన్ని వారాలు గడిచాయి. తోటలో గింజలు పచ్చగా ఉబ్బి, పందిరి కింద వెలుతురు రంగు మారింది. నూనె చూపించుకోవడానికి సుశీల వచ్చింది. కుర్మయ్య ఇంజను నడుస్తుండగానే పుల్ల తీసి, తెల్ల గుడ్డ మీద తుడిచాడు. గుడ్డ మీద మళ్ళీ గోధుమరంగు.

"మల్లా మాడుతాంది," అన్నాడు.

సుశీల కారు బానెట్ మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంచింది.

ఇక అప్పటి నుంచి కుర్మయ్యకు అదే ధ్యాస. నూనె చల్లబడే సన్నగొట్టాలు మూసుకుపోయాయేమోనని ఊది చూశాడు, గాలి నిక్షేపంగా పోయింది. రేడియేటరు కడిగాడు. యాక్సిలేటరు నుంచి గేరు డబ్బాకు పోయే తీగ వదులైతే గేర్లు ఆలస్యంగా మారతాయేమోనని బిగించాడు. బ్రేకు పట్టేసి చక్రాలు బరువెక్కుతున్నాయేమోనని నాలుగూ ఎత్తి తిప్పాడు. అన్నీ బాగున్నాయి. రోగం మాత్రం ఉంది. షెడ్డులో ఉన్నంతసేపూ కారు మర్యాదస్తురాలిలా ఉంటుంది. ఇది మాడేది తన కళ్ళ ముందు కాదు, ఎక్కడో దారిలో.

"అమ్మా, ఒకరోజు నన్ను గూడ తోటకు తోల్కపో," అన్నాడు.

"ద్రాక్షపండ్లకా?"

"పండ్లు నువ్వే ఇస్తవ్. నాకు తొవ్వ సూడాలె."

పొద్దు ఇంకా ఎర్రగా ఉండగానే బయలుదేరారు. ముందు సీట్లో కుర్మయ్య, వెనక ఖాళీ గంపల మధ్య దుర్గాబాయి. మేడ్చల్ దాటాక రోడ్డు సన్నబడింది. గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి, ఎవరో చెప్పడం ఆపేసిన కథలా నిలబడి ఉన్నాయి. కుర్మయ్య కళ్ళు మూసుకుని చెవితో ప్రయాణం చేస్తున్నాడు. ఒకటో గేరు, ఇదిగో రెండు, ఇదిగో మూడు. మారేచోట చిన్న నిట్టూర్పు, అంతే. మిట్ట ఎక్కేటప్పుడు ఇంజను గొంతు కొంచెం బరువెక్కింది, అయినా జారలేదు. ఆమె తొక్కే తీరులో కూడా తప్పేమీ లేదు. చాలామంది మగ డ్రైవర్ల కన్నా మెత్తని పాదం.

మిట్ట కొన మీదికి వచ్చారు. కింద దూరంగా శామీర్‌పేట చెరువు సన్నని రేకులా మెరుస్తోంది. అక్కడి నుంచి రోడ్డు పొడవుగా, మలుపుల్లేకుండా జారుతుంది.

అప్పుడు సుశీల చెయ్యి కదిలింది. సీట్ల మధ్య కర్రను ఏ గేరూ పట్టని మధ్యస్థానానికి నెట్టింది. తాళాన్ని ఒక మెట్టు వెనక్కి తిప్పింది.

ఇంజను ఆగిపోయింది.

కుర్మయ్య కళ్ళు తెరిచాడు. రెండు చేతులతో ముందున్న డ్యాష్‌బోర్డును పట్టుకున్నాడు. "అమ్మా! బంద్ అయ్యింది!"

"బంద్ కాలే, నేనే జేసిన. ఊకె కూసో."

"దినాం గింతే," అంది వెనక నుంచి దుర్గాబాయి తాపీగా. "మొదట్ల నేను గూడ దేవుండ్లకు మొక్కిన. ఇప్పుడు మంచిగ నిద్ర వస్తది."

కారు వేగం పుంజుకుంది. భయం కొంచెం తగ్గాక అతనికి వినిపించడం మొదలైంది. టైర్ల కింద సన్నటి ఇసుక. కిటికీ అంచు మీద గాలి. పొలంలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. కంచె మీద పిట్ట ఒకటి అరిచి, ఆ అరుపు పూర్తయ్యేలోపే వెనకబడిపోయింది. లోకమంతా పక్కకు జరిగి దారి ఇస్తున్నట్టు ఉంది. సుశీల ముఖం చూశాడు. బరువెక్కిన స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, పెదవులు కొంచెం తెరిచి, ఆమె అక్కడ లేనట్టే ఉంది.

వాలు అడుగున ఆమె తాళం ముందుకు తిప్పింది, కర్రను ముందుకు నడిపే డి అక్షరం మీదికి లాగింది. కింద నుంచి ఒక కుదుపు. ఎవరో నిద్రలో ఉన్నవాణ్ణి రెక్క పట్టి లేపినట్టు.

తోటకు వెళ్ళేదాకా కుర్మయ్య కళ్ళ ముందు ఆ పుల్ల, ఎక్కి దిగే ఆ నూనె, అదే కదులుతోంది.

పందిరి కింద, పచ్చటి నీడలో, తలకు తగిలేంత కిందికి గుత్తులు వేలాడుతున్నాయి. దుర్గాబాయి కూలీల్ని కేకేసుకుంటూ అవతలికి పోయింది. సుశీల ఒక గంప బోర్లించి కూర్చుంది.

"ఏమన్న దొరికిందా తొవ్వల?"

"దొరికిందమ్మా." అతనికి సంతోషంగా ఉంది, చెప్పడానికి మాత్రం మనసొప్పడం లేదు. "నూనె తిప్పే పంపు ఇంజన్‌కే కట్టేసి ఉంది. ఇంజన్ నడిస్తెనే అది గుంజుతది. నా కండ్లతోని సూసిన గద, నడిస్తె పీలుస్తది, ఆగితె ఇడుస్తది. నువ్వు ఆ ఉతార్ల, మిట్ట దిగేకాడ, ఇంజన్ బంద్ జేసినవనుకో, పంపు బంద్. చక్రాలు ఆగయి, లోపలి పండ్లచక్రాలను తిప్పుతనే ఉంటయి. నూనె లేకుండ. ఎండిన గొంతుల జొన్నగట్క కుక్కినట్టు. మల్ల కింద ఒక్కసారే గేర్ల ఏస్తె, పలకలు పట్టుకోబోయి, జారి, మాడుతయి. దినాం జర్రంత. దినాం జర్రంత."

ఆమె కనుబొమలు దగ్గరికి వచ్చాయి. "మా బాపు బతికినన్ని దినాలు ఇదే ఉతార్ల జీపు బంద్ జేసే దింపిండు. ఒక్కసారి గూడ కరాబ్ కాలే. ఉతారు ఊకెనే తీస్కపోతుంటె పెట్రోల్ ఎందుకు తాగాలె అనెటోడు."

"జీపుల గేర్లు నూనెల మునిగి ఉంటయమ్మా. తిరుగుతుంటె అవ్వే ఎగజల్లుకుంటయి. ఎవలు బంద్ జేసినా వాటికి ఫికర్ లేదు. గిది పంపు మీద బతికేది."

"అంటె నేనే మాడవెట్టుకుంటున్న."

కుర్మయ్య ఒక రాలిన ఆకు తీసి, ఈనెలు చూస్తూ కూర్చున్నాడు.

"పెట్రోల్ కోసం అనుకుంటున్నవా?" అంది సుశీల. కోపం పోయింది గొంతులోంచి. "బాపు పెట్రోల్ కోసమే జేసిండు. నేను పక్క సీట్ల కూసుంటుంటి. మా ఈడు పోరగాండ్లు అందరు ఉరుకుతుంటిరి, నేను అరుగు మీద కూసోని వాళ్ళ సెప్పులకు కావలి. ఉరికితె ఎట్లుంటదో నాకు తెల్వదు గద. బాపు జీపు బంద్ జెయ్యంగనే, ఆ గాలి, ఆ సప్పుడు లేకపోవుడు... నేనే ఉరుకుతున్న అనిపించేది. బండి మోస్కపోతలేదు, నా కాళ్ళే అనిపించేది. ఇంజన్ సప్పుడు ఉంటె గట్ల కాదు. సప్పుడు ఉంటె నేను సామానే, బండిల ఏసుకపోతున్నరు."

దూరంగా దుర్గాబాయి ఎవర్నో తిడుతోంది, కత్తెర సరిగ్గా పట్టుకోవడం లేదని. ఒక గింజ తెగి ఎండుటాకుల మీద పడింది.

"ఇట్లనే తోల్తె ఎన్ని దినాలు నడుస్తది?" అని అడిగింది.

"గా అలవాటు ఇడువకుంటెనా? పంట ఎల్లేదాంక గూడ డౌటే. ఇడిస్తె... మంచిగ సూస్కుంటె ఏండ్లు నడుస్తది. నేను సూస్త."

"నువ్వే నెత్తురు పీకినోనివి గద?"

"గిప్పుడు ఎక్కించుడు గూడ నేర్సిన."

ఆమె నవ్వి, చేతికర్ర అందుకుని లేచింది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ దారి ఎక్కుడు దారి, కాబట్టి ఏమీ తేలలేదు. ఆమె ఏం నిర్ణయించుకుందో అడగడానికి కుర్మయ్యకు నోరు రాలేదు. మనిషిని నువ్వు ఉరకొద్దు అని చెప్పడం సులువు కాదు, అందులోనూ ఆ మనిషికి. షెడ్డుకు వచ్చాక మురికి నూనె తీసి, కొత్తది పోసి పంపాడు. కోతలు మొదలయ్యాయి. రోడ్డు మీద గోధుమరంగు కారు తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి కనబడేది. ఆ చప్పుడులో తప్పేమైనా వినబడుతుందేమోనని లారీ కింద నుంచే చెవి వేసేవాడు. వినబడేది కాదు. అయినా మాడడం మొదట్లో చెవికి వినబడదు, గుడ్డకే కనబడుతుంది.

ఆఖరి గంపలు మార్కెట్‌కు వెళ్ళిన మర్నాడు ఆమె షెడ్డు ముందు కారు ఆపింది, ఇంజను నడుస్తుండగానే. దిగలేదు. కుర్మయ్య బానెట్ ఎత్తి, పుల్ల తీసి, ఉతికిన తెల్ల గుడ్డ మీద తుడిచాడు. కిటికీ దగ్గరికి తెచ్చి చూపించాడు. ఎర్రగా ఉంది. పగలగొట్టిన దానిమ్మలా.

సుశీల ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. సంతోషించిందో, పోయినదాన్ని చూసుకుందో అతనికి తెలియలేదు. "మా అన్నకు సూపెట్టొస్త," అని గుడ్డ పక్క సీటు మీద పరుచుకుని వెళ్ళిపోయింది.

లక్ష్మణ్ రెడ్డి మాట మీద నిలబడ్డాడు. తోటకు రెండు పక్కలా వెంచర్లు వేశాడు, తోటను ముట్టలేదు. పైగా కొనడానికి వచ్చినవాళ్ళకు, ద్రాక్షతోట పక్కనే అని చెప్పి ప్లాట్లు అమ్ముకున్నాడట. సుశీల అది విని, "నా నీడ గూడ అమ్ముతున్నవా అన్నా?" అందట.

తర్వాతి ఏళ్ళలో దుండిగల్ వైపు కాలేజీలు లేచాయి, అల్వాల్ దాకా ఇళ్ళు అంటుకుపోయాయి, క్లచ్చు లేని కార్లు నగరంలో మామూలయ్యాయి. కుర్మయ్య వాటిలో రెండు మూడు గేరు డబ్బాలు విప్పి చూశాడు కూడా. పళ్ళచక్రాల మధ్య పళ్ళచక్రాలు, పలకల వెనక పలకలు, చీమలపుట్ట అడ్డంగా కోసినట్టు. విప్పిన ప్రతిసారీ, ఆమె విప్పనివ్వని ఆ ఒక్క డబ్బాలో ఇంకేదో ఉన్నట్టే అనిపించేది. ఏటా కోతల ముందు, కోతల తర్వాత ఆమె వచ్చేది. అతను నూనె మార్చేవాడు. ఆ వాలు సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి షెడ్డు గోడ మీద ఎర్ర గీత పెట్టారు. కుర్మయ్య అల్వాల్‌లో అల్లుడి ఇంటి దగ్గర చిన్న జాగా చూసుకున్నాడు. రేకులు విప్పుతున్న రోజున ఆమె వచ్చింది. జుట్టు సగం నెరిసింది. ఈసారి దిగింది. కర్ర, కుడికాలు, ఎడమకాలు, అదే వరసలో.

"పోతున్నవంట."

"పోతున్ననమ్మా. బండికి ఏమన్న అయితె అల్వాల్‌కు కబురు వెట్టు. నేనే వస్త."

"ఏం గాదు దీనికి. నాకంటె ముందు వోదు."

ఒక గంప ద్రాక్ష దించమంది. అతను దించుకున్నాడు. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తబోతే వద్దంది, పొద్దున తనే చూసుకున్నానంది. తిరిగి కారెక్కి, ఎడమకాలిని చేత్తో లోపలికి తీసుకుని, తలుపు వేసింది. ఇంజను నడుస్తోంది. గేరు కర్ర మీద చెయ్యి వేసి, కదపకుండా ఆగింది. ఇన్నేళ్ళుగా అడగాలా వద్దా అని దాచుకున్న మాటను ఇప్పుడు అడిగే మనిషిలా అతని వైపు తిరిగింది.

"ఒక్క ముచ్చట సెప్పు కుర్మయ్యా. గా ఉతారు నాకు కలల వస్తది. కలల నేను ఇంజన్ బంద్ జేసే దిగుత. గండ్ల గూడ నూనె మాడుతదా?"